బాగున్న కాలు

శస్త్రచికిత్స జరిగిన మరునాటి మధ్యాహ్నం మా కుక్కను ఇంటికి తెచ్చాను. పొమేరియన్ జాతి ఆడకుక్క. వయసు ఏడేళ్ళు. ఆసుపత్రి కాటా మీద బరువు నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. వెనుక ఎడమకాలి మోకాటి చిప్ప గాడిలో నిలవక పక్కకు జారిపోతూ ఉండేది. వైద్యురాలు ఎముకలోని ఆ గాడిని లోతుచేసి, చిప్పను అందులో నిలిపి, కుట్లు వేశారు. చికిత్స నలభై నిమిషాలు పట్టింది. ఆ తరువాతి పని ఎనిమిది వారాలు పడుతుందనీ, అది నాదేననీ ఆమె చెప్పారు.

"ఆపరేషన్ సగమే మేడం. మిగతా సగం మీ ఇంట్లో. నొప్పికి భయపడి ఇది కాలు కింద పెట్టడం మానేసిందనుకోండి, మూడు కాళ్ళకి అలవాటు పడిపోతుంది. అప్పుడు నేనెంత బాగా చేసినా వేస్ట్. కాలు ఉంటుంది, వాడదు."

ఆమెకు ముప్ఫై ఏళ్ళుంటాయి. మాట త్వరగా ముగించే అలవాటు. ఏం చేయకూడదో ఒక్కొక్కటిగా చెప్పించుకున్నాను. ఎగరకూడదు. మెట్లు ఎక్కకూడదు. నున్నటి నేల మీద నడవకూడదు. గంట మోగితే తలుపు దగ్గరికి పరుగెత్తకూడదు. మొదటి రెండు వారాలు కుక్కలను ఉంచే కమ్మీల కంచె పెట్టె దాటి బయటికి రాకూడదు. మూడో వారం నుంచి మెడపట్టీ కట్టి, నెమ్మదిగా, పూటకు ఐదు నిమిషాలు నడిపించాలి.

"కండ పెరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"తొడ చుట్టుకొలత చూస్తాం. రివ్యూకి వచ్చినప్పుడు నేను చూస్తాలెండి."

అంతకాలం ఆగే స్వభావం నాది కాదు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. విజయనగరం వైపు నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చి, రాంగోపాల్‌పేట్ దుకాణాల్లో కాటాలు పరీక్షించి, సరైనవాటికి సీసపు ముద్ర వేసి, సరికానివాటిని పక్కన పెట్టించి, ఆ పనిలోనే జుట్టు నెరిసినదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. పద్మారావు నగర్‌లో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో నేనూ, ఈ కుక్కా ఉంటున్నాము. ఎవరైనా "కాస్త నయంగా ఉంది" అంటే, ఎంత నయం అని అడుగుతాను. దానికి జవాబు రాకపోతే ఆ మాటను లెక్కలోకి తీసుకోను.

ఇంటికి వచ్చిన రోజునే ఏర్పాట్లన్నీ పూర్తిచేశాను. హాలులో గోడ వారగా కంచె పెట్టె. దాని చుట్టూ జారకుండా రబ్బరు చాపలు. పక్కనే నా కుర్చీ. గంట తీగను స్విచ్చు దగ్గరే విప్పేశాను. తరువాత ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి తలుపు బయట అతికించాను: "రోగి విశ్రాంతిలో ఉంది. తలుపు తట్టరాదు. ఎనిమిది వారాలపాటు సందర్శకులకు ప్రవేశం లేదు."

నిజానికి సందర్శకులు అనే బహువచనం అక్కడ అనవసరం. మా ఇంటికి వచ్చే మనిషి ఒక్కరే: ఎదుటి ఫ్లాటులో ఉండే ఆవిడ. ఆమె భర్తకు రాంగోపాల్‌పేట్‌లో నెయ్యి, జీడిపప్పు దుకాణం ఉండేది. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ దుకాణం కాటాను నేను అనేకసార్లు పరీక్షించాను. "మేడం వస్తున్నదని తెలిస్తే చాలు, మా ఆయనకు జరం వచ్చేది" అని ఆమె ఇప్పటికీ అందరితో అంటారు. ఆ కాటాలో ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. ఆ సంగతి మాత్రం ఆమె ఎవరితోనూ అనరు. రోజూ సాయంత్రం నాలుగింటికి తన ఇంటి నుంచి "పిల్లా!" అని ఒక్క కేక వేసేవారు. కుక్క మా గుమ్మం దాటి, నడవా దాటి, ఆమె చీర కుచ్చిళ్ళలోకి దూరిపోయేది. వెనకే ఆమె మా ఇంటికి వచ్చి, చాయ్ పెట్టించుకుని, ఐదింటి దాకా కూర్చునేవారు. ఎక్కువగా ఆమే మాట్లాడేవారు.

కాగితం అతికిస్తుండగానే ఆమె తలుపు తెరుచుకుంది.

"ఏంది మేడం గిది? దవాఖానల సుత నాలుగైతే లోపలికి పంపుతరు."

"డాక్టరు గారు చెప్పారండీ. మిమ్మల్ని చూస్తే ఎగురుతుంది. ఎగిరితే చిప్ప మళ్ళీ జారుతుంది."

"జెర దూరంకెళ్ళి చూసి పోతా. మాట్లాడ సుత మాట్లాడ."

"మీ వాసన తగిలితే చాలు దానికి."

"నా వాసనా! ఈ వయసుల గిదొకటి వినాల్నా?" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె కాగితాన్ని ఇంకోసారి చదివారు. "ఎనిమిది వారాలంటే ఎన్నొద్దులు?"

"యాభై ఆరు."

"యాభై ఆరొద్దులు నువ్వొక్కదానివే కూసుంటవా లోపల?"

"కూర్చుంటాను."

"కూసో మరి. నా మోకాళ్ళు సుత గిట్లనే ఉన్నయ్. నాకు సుత ఒక పెట్టె తెప్పియ్, పక్కపక్కన పండుకుంటం" అని తలుపు వేసుకున్నారు.

కొలత సంగతి చెప్పాలి. ఇంట్లో ఉన్న మనుషుల కాటా మీద కుక్కను తూచే ప్రసక్తి లేదు. దానికి ముద్ర లేదు, సరిచూసినవారు లేరు. తొడ చుట్టుకొలతకు దర్జీల టేపు కూడా నాకు నచ్చలేదు. వాడేకొద్దీ అది సాగుతుంది. అందుచేత సాగని పురి నూలుదారం తీసుకున్నాను. ముందు బాగున్న కుడి తొడ చుట్టూ వేసి, కలిసినచోట సిరాతో గుర్తు పెట్టాను. అదే దారాన్ని చికిత్స జరిగిన ఎడమ తొడకు, అదే ఎత్తులో, అంతే బిగువుగా చుట్టి రెండో గుర్తు పెట్టాను. ఆ రెండు గుర్తుల మధ్య దూరాన్ని స్టీలు స్కేలు మీద చదివాను. ఇరవై రెండు మిల్లీమీటర్లు.

ఇది మా శాఖ పద్ధతి. త్రాసులో ఒక పళ్ళెంలో మా ప్రమాణపు తూనికరాయి ఉంటుంది. రెండో పళ్ళెంలో దుకాణదారు తూనికరాయి ఉంటుంది. కిలో రాయి బరువు ఎంత అని ఇన్‌స్పెక్టరు ఎన్నడూ రాయడు. ఎంత తక్కువ, ఎంత ఎక్కువ అనేది మాత్రమే రాస్తాడు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు నేను చదివినదీ, రాసినదీ తేడా ఒక్కటే. కుడికాలు నాకు ప్రమాణపు రాయి. ఎడమకాలు పరీక్షకు వచ్చిన రాయి.

మొదటి రెండు వారాలు పనితోనే గడిచిపోయాయి. మందులు, మంచుపట్టీ, కుట్లు నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా. వైద్యురాలు నేర్పినట్టు మోకాలును మెల్లగా వంచి చాపడం. కుట్లు విప్పడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కాంపౌండరు ఆ పని ఐదు నిమిషాల్లో ముగించి పంపించాడు.

మూడో వారం నుంచి చేయడానికి పని తగ్గింది. అప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. ఎదుటి బడి గంటలు, నీళ్ళ ట్యాంకరు, స్టేషన్ వైపు నుంచి రైలు కూత. వీటి మధ్య వినడానికి ఏమీ లేదు. వారానికోసారి వైద్యురాలికి ఫోన్ చేసేదాన్ని. ఒకసారి ఆమె ఫోన్ ఎత్తినప్పుడు నా గొంతు పెగల్లేదు. రెండుసార్లు సవరించుకున్నాను. అంతకుముందు రోజు ఉదయం పాలవాడితో అన్న "రేపు అరలీటరే" తరువాత నేను నోరు విప్పింది అప్పుడేనని లెక్క తేలింది.

"తేడా పదిహేడు మిల్లీమీటర్లకు వచ్చిందండీ."

"ఓ, సూపర్ మేడం. నడుస్తోందా?"

"నడిపిస్తున్నాను."

ఈ జవాబు పూర్తిగా సరికాదు. మెడపట్టీ కట్టి పెట్టె బయట నిలబెడితే, అది రబ్బరు చాప మీద మూడడుగులు మూడు కాళ్ళ మీదే వేసి కూర్చునేది. పట్టీ లాగితే తల పక్కకు తిప్పుకునేది. బలవంతం చేయలేదు. తేడా తగ్గుతూనే ఉన్నప్పుడు బలవంతం చేయడానికి నాకు ఆధారమేదీ కనిపించలేదు. నాలుగో వారం పదమూడు. ఐదో వారం తొమ్మిది. ఈ అంకెలు చూసినప్పుడు నాకు కలిగినది సంతోషమేనని చెప్పగలను. కొలిచినప్పుడల్లా గట్టిగా చదివి దానికి వినిపించేదాన్ని. అది ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి నన్ను చూసేది.

అన్నం తక్కువ తినేది. కదలిక లేనప్పుడు ఆకలి ఉండదనుకున్నాను. ఆ వారం లష్కర్ బోనాల జాతర వచ్చింది. వీధి చివర పొద్దంతా డప్పులు మోగాయి. ఏటా ఆ డప్పులకు గోడలు పగిలేలా మొరిగే కుక్క ఈసారి తల కూడా ఎత్తలేదు. వైద్యురాలు చెప్పిన విశ్రాంతి ఇదేననుకున్నాను. ఇంత క్రమశిక్షణ ఉన్న రోగి ఇంకొకటి ఉండదనుకున్నాను.

దాని చెవులు నిక్కబొడుచుకోవడం ఆ రోజుల్లో మూడుసార్లు మాత్రమే చూశాను. మూడూ సాయంత్రం వేళలే. బయట నడవాలో చెప్పుల చప్పుడు వచ్చి మా గుమ్మం ముందు ఆగేది. కొంతసేపు ఏమీ వినిపించేది కాదు. తరువాత ఆ చప్పుడు వెనక్కి వెళ్ళిపోయేది. కాగితం మీద రాసినదాన్ని ఎదుటి ఇంటావిడ పాటిస్తున్నారని నేను తృప్తిపడ్డాను. కుక్క మాత్రం చాలాసేపు తలుపు వైపే చూసేది.

బోనాలు ముగిసిన తరువాత ఒక ఉదయం ఎదుటి ఇంట్లో బరువైన సామాన్లు ఈడుస్తున్న చప్పుడు గంటసేపు వినిపించింది. ఫ్రిజ్ మారుస్తున్నారేమో అనుకున్నాను. కుక్కకు ఇబ్బంది కలగకుండా నడవా వైపు కిటికీ మూసేశాను.

ఆరో వారం తేడా ఆరు మిల్లీమీటర్లు. ఆ అంకె పట్టుకుని, కుక్కను చిన్న బుట్టలో పెట్టుకుని, ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. ఎముక బాగా అతికిందనీ, చిప్ప గాడిలోనే ఉందనీ వైద్యురాలు చెప్పారు. తరువాత దాన్ని నేల మీదికి దించి "నడిపించండి" అన్నారు. అది దించినచోటే కూర్చుంది.

కాటా మీద పెట్టారు. మూడు కిలోల ఎనిమిది వందలు.

ఆమె టేపు తీసి రెండు తొడలూ కొలిచారు. కంప్యూటరు తెర మీద పాత వివరాలు వెతికారు. ఇంకోసారి కొలిచారు.

"మేడం, మీరు నాకు ఫోన్‌లో చెప్పిన తేడా కరెక్టే. ఆరు మిల్లీమీటర్లు. కానీ ఆపరేషన్ రోజు కుడి తొడ ఇరవై ఒక్క సెంటీమీటర్లు ఉంది. ఇప్పుడు పంతొమ్మిది పాయింట్ రెండు. ఎడమది అప్పుడు పద్దెనిమిది పాయింట్ ఎనిమిది. ఇప్పుడు పద్దెనిమిది పాయింట్ ఆరు."

తీసివేత చేయడానికి నాకు కాగితం అక్కరలేదు. చికిత్స జరిగిన కాలు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు, రెండు తగ్గింది. బాగున్న కాలు పద్దెనిమిది తగ్గింది. రెండు కాళ్ళూ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయని నేను ఆరు వారాలు సంతోషించిన మాట నిజమే. అవి దగ్గరైనది కిందికి దిగుతూ.

శాఖలో చేరిన మొదటి నెలలోనే మాకు నేర్పేది ఒకటుంది. ప్రమాణపు రాయి కూడా అరుగుతుంది. అందుకే నిర్ణీత కాలానికోసారి దాన్ని పై ప్రయోగశాలకు పంపి సరిచూపించుకుని రావాలి. ఆ గడువు నేను ఒక్కసారి కూడా దాటలేదు. ఏడేళ్ళ కుక్క కాలును మాత్రం అరగని ఇనుమనుకున్నాను.

"ఇది మోకాలి సమస్య కాదు మేడం" అన్నారు ఆమె. "అసలు ఏ కాలూ వాడట్లేదు. లేవట్లేదు. తినట్లేదు. ఇంకో నెల ఇలాగే ఉంటే కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు నేనేం చేయలేను. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను ఉంటాను."

"మీరు కాకుండా?"

"ఎవరూ లేరు."

"మీ దగ్గరికి నడుచుకుంటూ వస్తుందా?"

నా కుర్చీ పెట్టె పక్కనే ఉంటుందనీ, పగలంతా నేను అందులోనే ఉంటాననీ, అందువల్ల నా దగ్గరికి రావడానికి అది నడవవలసిన అవసరం లేదనీ చెప్పాను. ఆమె టేపు చుట్టి బల్ల మీద పెట్టారు.

"దీనికి బాగా ఇష్టమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరిని చూస్తే లేస్తుంది?"

"ఎదుటి ఇంటావిడ."

"మరి ఇంకేం మేడం! రోజూ ఆవిడ దగ్గరికి నడిపించండి. ఎగరనివ్వకండి, అంతే. మందు కంటే అదే పనిచేస్తుంది."

ఆ సాయంత్రం నాలుగింటికి తలుపు తెరిచాను. నడవాలో రబ్బరు చాపలు పరిచి, మెడపట్టీ కట్టి, కుక్కను గుమ్మంలో దించాను. ఒక నిమిషం గాలి పీల్చింది. తరువాత లేచింది. మూడు కాళ్ళ మీద, తూలుతూ, నన్ను లాగుతూ ఎదుటి గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు కింది సందులో ముక్కు పెట్టింది. దాని తోక ఆడడం నెలన్నర తరువాత చూశాను.

ఆ తలుపుకు తాళం వేసి ఉంది. తాళం పక్కన "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని అట్ట వేలాడుతోంది.

కింద వాచ్‌మన్‌ను పిలిచి అడిగాను.

"గా అమ్మనా? బిడ్డ తానికి పోయింది గదమ్మా, అల్వాల్. మెట్లెక్కుడు అయితలేదని. పోయి పదిరోజులాయె. నీకు తెల్వదా?" అన్నాడు ఆశ్చర్యంగా. తరువాత మా తలుపు మీది కాగితం గుర్తుకొచ్చినట్టుంది. మోటరు వేయాలంటూ వెళ్ళిపోయాడు.

కాగితం చింపేశాను. ఆ మూడు సాయంత్రాల చెప్పుల చప్పుడు దేనికో అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత ఐదు రోజులు నేను చేసిన పనిని ఎలా వివరించాలో ఇప్పటికీ నిర్ణయించుకోలేకపోతున్నాను. రోజూ నాలుగింటికి కుక్కను ఆ తాళం దగ్గరికి నడిపించాను. లోపల ఎవరూ లేరని నాకు తెలుసు. దానికి తెలియదు. ఆ తలుపు కోసం అది లేస్తోంది. మూడో రోజున, సందులో ముక్కు పెట్టి నిలబడినప్పుడు, చికిత్స జరిగిన కాలి వేళ్ళు నేలకు ఆనాయి. ఆరు వారాల్లో అది మొదటిసారి. నాలుగో రోజు పాదం మొత్తం ఆనింది. నా లెక్క ప్రకారం వైద్యం ఫలిస్తోంది. అక్కడ నిలబడి, పట్టీ చేతిలో పట్టుకుని, ఖాళీ ఇంటి ముందు దాని తోక ఆడడాన్ని చూస్తూ ఉండేదాన్ని. వెనక్కి రమ్మంటే వచ్చేది కాదు. ఎత్తుకుని తీసుకురావలసి వచ్చేది. ఎత్తుకున్నప్పుడు చేతికి దాని పక్కటెముకలు ఒక్కొక్కటిగా తగిలేవి.

ఐదో రోజు తలుపు దాకా వెళ్ళింది. సందులో ముక్కు పెట్టలేదు. తాళం కింద కూర్చుని, నా వైపు తిరిగి చూసింది. తోక ఆడలేదు.

అదే సాయంత్రం వాచ్‌మన్ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

"ఎవరూ?"

నేను ఎవరినో చెప్పాను.

"అబ్బా! తలుపు తీసినవా మేడం? ఎనిమిది వారాలు ఇంక కాలే గద! నేను లెక్క వెట్టుకునే ఉన్న."

"మీరు వెళ్ళిపోతున్నట్టు నాకు చెప్పలేదండీ."

"ఎట్ల జెప్పాలె? తట్టద్దంటివి, గంట తీసేస్తివి. మూడుసార్లొచ్చిన. నిలబడి నిలబడి కాళ్ళు గుంజినయ్. మా ఆయన కాటాకు సుత నువ్వు గింత పరేషాన్ చెయ్యలే."

"ఫోన్ చేయవలసింది."

"నీ నంబరు నా తాన ఉన్నదా? ఎదురుగ ఉన్నోళ్ళకు నంబరెందుకు ఇస్తరు ఎవరన్న?" అన్నారు. నిజమే. పద్నాలుగేళ్ళు ఎదురెదురుగా ఉన్నాము, నంబర్లు తీసుకోలేదు. ఆమె గొంతు తగ్గింది. "పిల్ల ఎట్లున్నది?"

బరువు, రెండు తొడల కొలతలు, కీలు బిగుసుకునే అవకాశం గురించి వరుసగా చెప్పాను. ఆమె మధ్యలోనే ఆపేశారు.

"గవన్నీ నాకెందుకు? తింటున్నదా లేదా?"

"లేదు."

"తోల్కరా. రేపే తోల్కరా."

మరునాడు ఆదివారం. కుక్కను బుట్టలో పెట్టుకుని ఆటోలో అల్వాల్ వెళ్ళాను. గుంతలు వచ్చిన ప్రతిచోటా ఆటోను నెమ్మది చేయించాను. ఆటోడ్రైవరు చివరికి "అమ్మా, గింత మెల్లగైతే నడిసి పోవుడే నయం" అన్నాడు. గేటు లోపల చిన్న ఇల్లు; మెట్టు ఒక్కటే; ముందు మట్టి నేల, కరివేపాకు చెట్టు. ఆవిడ వరండాలో కుర్చీలో ఉన్నారు. "పిల్లా!" అన్నారు.

బుట్ట దించకముందే కుక్క అందులోంచి బయటికి తోసుకొచ్చింది. ఎగరబోతోందని తెలిసి నేను పట్టీ బిగించి "ఆపండి, ఎగరనివ్వకండి!" అని అరిచాను. ఆవిడ అప్పటికే కుర్చీ పట్టుకుని, మూలుగుతూ, ఒక్కో మోకాలే వంచుతూ నేల మీద కూర్చుంటున్నారు.

"ఇగో, కిందనే కూసున్న. ఇంక ఎక్కడికి ఎగురుతది? నన్ను లేపనీకి మల్ల ఇద్దరు మనుషులు కావాలె. అది నువ్వు సూస్కో."

పట్టీ వదిలాను. ఆ మట్టి నేల మీద గేటు నుంచి వరండా దాకా పదిహేను అడుగుల దూరం ఉంటుంది. నా దగ్గర కొలిచే సాధనం ఏదీ లేదు. సగం దూరం మూడు కాళ్ళ మీద వెళ్ళింది. మిగిలిన సగం నాలుగు కాళ్ళ మీద వెళ్ళింది. కుంటుతూనే, కానీ పాదం ప్రతిసారీ నేలకు ఆనించి. ఆవిడ ఒళ్ళో తల దూర్చింది. ఆవిడ పెరుగన్నం కలిపి ముద్ద పెడితే తిన్నది. ఇంకో ముద్ద తిన్నది.

"బక్కగైపోయిందేంది మేడం. నువ్వు సుత బక్కగైనవ్. ఇద్దరూ కలిసి ఉపాసమున్నరా?"

 ఆవిడ నా చేతికి కూడా ఒక గిన్నె ఇచ్చారు.

తిరిగి బయలుదేరే వేళకు కుక్క ఆవిడ కాళ్ళ దగ్గర నిద్రపోయింది. బుట్ట తెరిచి పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మా ఇంట్లో ఉన్నవాటిని ఒకవైపూ, ఇక్కడ ఉన్నవాటిని ఇంకోవైపూ పెట్టి చూశాను. అటు రెండు అంతస్తుల మెట్లు, నున్నటి రాతి నేల, ఒక కుర్చీ. ఇటు మట్టి నేల, ఒకే మెట్టు, పొద్దుటి నుంచి రాత్రి దాకా మాట్లాడే మనిషి. ఏ వైపు మొగ్గుతుందో చూడడానికి త్రాసు అవసరం లేకపోయింది.

"కాలు పూర్తిగా ఆనేవరకు మీ దగ్గర ఉంచవచ్చా?" అని అడిగాను.

"నువ్వుంటవా?"

"నాకు ఇల్లుంది కదండీ."

ఆవిడ నా ఖాళీ గిన్నె అందుకుని, "సరే తీ" అన్నారు.

ఖాళీ బుట్టతో ఆటో ఎక్కాను. ఈసారి గుంతల దగ్గర నెమ్మది చేయమని చెప్పలేదు. ఇంట్లో దీపం వేసినప్పుడు పెట్టె, చాపలు, కుర్చీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అలవాటుగా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఆ వారమంతా పాలవాడికి "రేపు పావులీటరు" అని చెప్పాను.

బుధవారం ఫోన్ చేశాను. ఎంత దూరం నడుస్తోందని అడిగాను.

"మస్తు నడుస్తున్నది."

"మస్తు అంటే ఎంత?"

"మస్తంటే మస్తు. ఉడుతల ఎంబడి ఉరుకుతున్నది. నిన్న పోస్టాయనను గల్లీ ఆఖిరి దాంక తరిమింది. చాలదా?"

"పరుగెత్తనివ్వకూడదండీ. డాక్టరు గారు..."

"దానికి చెప్పు, ఇస్త ఫోన్" అన్నారు. ఫోనులో దాని ఊపిరి వినిపించింది.  అంకె ఏదీ లేకుండానే ఆ "మస్తు"ను నమ్మి, ఫోన్ పెట్టేశాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాను. వెళ్ళినప్పుడల్లా రెండు తొడలూ కొలుస్తాను. ఇప్పుడు రెండు అంకెలూ పూర్తిగా చదువుతాను. నాలుగో ఆదివారానికి కుడిది ఇరవై పాయింట్ ఏడు, ఎడమది ఇరవై పాయింట్ ఒకటి. తేడా మళ్ళీ ఆరు మిల్లీమీటర్లే. వైద్యురాలికి ఆ రెండు అంకెలూ చెప్పాను. "కాలు వచ్చేసింది మేడం, కంగ్రాట్స్. ఇక మీ ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు. మెట్ల మీద మాత్రం ఎత్తుకోండి" అన్నారు.

ఆ తరువాత రెండో ఆదివారం కూడా బుట్ట తీసుకునే వెళ్ళాను. కుక్క గేటు దగ్గరికే వచ్చింది. నా చేతులు నాకి, తిరిగి వరండా వైపు పరుగెత్తింది. ఏ కాలుకు చికిత్స జరిగిందో తెలియనివారు చెప్పలేరు. సాయంత్రం దాకా కూర్చున్నాను. మబ్బు పట్టింది. లేచి గొడుగు తీసుకున్నాను.

"వచ్చే ఆదివారం తీసుకెళ్తానండీ" అన్నాను.

ఆవిడ కరివేపాకు దూస్తూ తల ఎత్తకుండానే, "నాకేం తక్లీఫ్ లేదు మేడం. నీ ఇష్టం. పోయిన ఆదివారం సుత గదే అన్నవ్" అన్నారు.

"అన్నాను" అన్నాను. ఆటో దొరికేలోపే వాన మొదలైంది.